గుమ్మడికాయల దొంగ

"క్రేయాన్‌ని పిడికిలి బిగించి పట్టుకుంటున్నాడు. కత్తెర జోలికే పోడు. ఇంట్లో వేళ్ళతో చేసే పనులేమైనా చేయిస్తుంటారా?"

సెప్టెంబరులో ప్రీస్కూల్ టీచర్ మామూలుగానే అడిగింది. నేను మాత్రం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. మావాడికి నాలుగేళ్ళు. ఇడ్లీ మేమే తినిపిస్తాం. గుండీలు మేమే పెడతాం. అరటిపండు తొక్క కూడా మేమే ఒలుస్తాం. పొద్దున తొమ్మిదింటికి నాకు మీటింగు. వాడంతట వాడు జిప్పు లాక్కునేదాకా ఆగితే ఆరోజు ఇల్లు కదలడం జరగదు. ఐపాడ్ మీద మాత్రం వాడి చూపుడువేలు మా అందరి వేళ్ళకన్నా చురుకు.

అమ్మకి ఫోన్లో చెప్తే కొట్టిపారేసింది. "నువ్వు రెండో క్లాసు దాకా నా చేతి ముద్దే తిన్నావు. నీకేం తక్కువైందిరా?" తక్కువైంది చేతిరాతే. ఇంజనీరింగ్‌లో నా రికార్డు నేనే చదువుకోలేకపోయేవాణ్ణి. ఆ మాట అమ్మతో అనలేదు.

రంధ్రాల పలకలో పుల్లలు గుచ్చే బొమ్మ ఒకటి కొన్నాం. వాడు రెండు నిమిషాలు గుచ్చి లేచిపోయాడు. నిజమే, ఆ పుల్లని ఆ రంధ్రంలో పెట్టాల్సిన అవసరం వాడికేముంది?

ఇంతలో అక్టోబరొచ్చింది. న్యూజెర్సీలో మా వీధంతా గుమ్మడికాయలు, అస్థిపంజరాలు. టీచర్ చెప్పినట్టు బట్టల బుట్ట మీద అడ్డదిడ్డంగా ఊలుదారం కట్టి, అడుగున ప్లాస్టిక్ సాలెపురుగులు వేశాం. దారం తగలకుండా ట్వీజర్స్‌తో వాటిని బయటికి తీయాలి. పుల్లల్ని రెండు నిమిషాల్లో వదిలేసినవాడు ఇక్కడ అరగంట కూర్చున్నాడు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఒకచోటికొచ్చాయి. పెన్సిల్ పట్టుకోడానికి కావలసిన వేళ్ళవే. నేను నవలల గురించి రాసేటప్పుడు కథనానికి చోదకశక్తి లేదని తెగ విమర్శిస్తుంటాను. పుల్లల బొమ్మకి లేనిదీ అదే. ఇక్కడ సాలెపురుగులు చిక్కుకుపోయాయి, వాటిని కాపాడాలి. అంతే, వేళ్ళు కదిలాయి.

తర్వాత నారింజరంగు కాగితాన్ని ముక్కలుగా చింపి అంటించాడు. చింపేటప్పుడు ఒక చెయ్యి ముందుకి, ఒకటి వెనక్కి పోవాలి. అట్టగొట్టానికి గాజుగుడ్డ చుట్టి మమ్మీని చేశాడు. ఒక చెయ్యి తిప్పుతుంటే ఇంకోటి చుట్టాలి. అసలు గుమ్మడికాయ కోసి గింజలు తియ్యమంటే "ఛీ, చీమిడి" అని పారిపోయాడు. మర్నాడు తనే వచ్చి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు.

గోల్ఫ్ బంతిని నిలబెట్టే చెక్క మేకులుంటాయి కదా, వాటిని ఇంకో గుమ్మడికాయలోకి కొయ్యసుత్తితో దిగ్గొట్టడం ఆఖరి ఆట. వీడియోకాల్లో చూసి అమ్మ, "దిష్టికారా? దిష్టికైతే బూడిదగుమ్మడి కట్టాలి. దీనికి మేకులెందుకు, సుబ్బరంగా దప్పళం పెట్టుకోక" అంది. ఐర్లండులో ముందు టర్నిప్ దుంపలకి ముఖాలు చెక్కేవారనీ, అమెరికా వచ్చాక గుమ్మడికాయ దొరికిందనీ చెప్పబోయాను. ఆవిడ వినలేదు.

మూడో మేకు వంకరగా దిగుతోంది. సుత్తి ఒకసారి కాయకి, ఒకసారి గాలికి తగుల్తోంది. అటువైపు ఆఫీసు కాల్‌కి టైమవుతోంది. నాకు తెలీకుండానే వాడి చెయ్యి పట్టుకుని టకటకా రెండు దెబ్బలేయించాను. మేకు నిటారుగా దిగింది. వాడు సుత్తి కిందపెట్టేశాడు. "నువ్వే ఆడుకో నాన్నా."

కోపంగా కూడా అనలేదు. అరటిపండు నాకిచ్చేటప్పుడు ఎంత మామూలుగా ఇస్తాడో అంత మామూలుగా అన్నాడు. వాడి పనులన్నీ ఇన్నాళ్ళూ ఇలాగే నా చేతుల్లోకి వచ్చాయని అప్పుడర్థమైంది. ప్రేమ కొంత, తొందర చాలా. మా ఆవిడ వంటింట్లోంచి చూస్తూనే ఉంది. "కాసేపు చేతులు జేబుల్లో పెట్టుకోరాదూ?" అంది.

ఆ మేకు పీకేశాను. సాయంత్రం దాకా గుమ్మడికాయ అక్కడే ఉంది. ఏడింటికి వాడే వెళ్ళి సుత్తి తీశాడు.

ముప్పై ఒకటో తారీకు రాత్రి చలిగా ఉంది. వాడిది గబ్బిలం వేషం. మూడో ఇంటి మెట్ల మీద నిలబడి చాక్లెట్ కాగితం విప్పడం మొదలుపెట్టాడు. వెనక పిల్లలు దారికోసం ఆగారు. కాగితం చిరగట్లేదు. నావైపు చూశాడు. నేను వాణ్ణి ఓ పక్కకి జరిపి, రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాను.

"మళ్ళీ చూడు" అన్నాను.