ఛార్జర్ అందుబాటులో ఉంది (అట!)

నేను పనిచేసేది ఎలక్ట్రిక్ కార్ల ఛార్జింగ్ స్టేషన్ల వెనకాల నడిచే సాఫ్ట్‌వేర్ మీద. "అంటే ఏం చేస్తావురా?" అని ఊళ్ళో ఎవరైనా అడిగితే, "పెట్రోలు బంకు లాంటిదే, కాకపోతే కరెంటుది" అని చెప్పి తప్పించుకుంటూ ఉంటాను. మొన్న నవంబరులో మా నాన్న ముందు మాత్రం తప్పించుకోవడం కుదరలేదు. ఆ కథే ఈ టపా.

ఉండేది నెదర్లాండ్స్‌లో, ఐంధోవెన్‌లో. (తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, గోంగూర కోసం మరీ ఏడవక్కర్లేదు.) అమ్మా నాన్నా మూడు నెలల వీసా మీద వచ్చారు. అక్కా బావా మ్యూనిక్‌లో ఉంటారు. అక్కకి పాప పుట్టింది, శనివారం పొద్దున్నే బారసాల. మా ఇంటి నుంచి దాదాపు 700 కిలోమీటర్లు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ముగ్గురం నా కారులో బయల్దేరాం. సెకండ్‌హ్యాండులో కొన్న చిన్న ఎలక్ట్రిక్ కారు. చలికాలం హైవే మీద ఒక ఛార్జింగుకి 270, 280 కిలోమీటర్లు లాగుతుంది, అంతే.

నాన్న ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు డ్రైవరు, తెనాలి డిపో. బండి ఎక్కితే చాలు, కళ్ళు రోడ్డు మీద సగం, మీటర్ల మీద సగం. "పొద్దున డిపోలో ట్యాంకు చూసుకోకుండా బండి తీసినవాణ్ణి నేను చూళ్ళేదు. నువ్వేంట్రా, దార్లో చూసుకుందాం అంటావు?" అన్నారు. "ఇక్కడ దార్లోనే ఉంటాయి నాన్నా, బోలెడు" అన్నాను ధీమాగా.

మొదటి మజిలీ బాగానే జరిగింది. కొలోన్ దాటాక ఒక పెద్ద స్టేషన్లో ఆగాం. ప్లగ్గు పెట్టి, ఛార్జింగ్ కార్డు తాకించి, అమ్మ కట్టుకొచ్చిన పులిహోర తినేసరికి 80 శాతం అయిపోయింది. నాన్న ఆ యంత్రం చుట్టూ రెండుసార్లు తిరిగి, కేబుల్ బరువు చూసి, "ఇది ఎంత ఇస్తుంది?" అని అడిగారు. 300 కిలోవాట్ల దాకా అని చెప్పాను. "మన వీధి ట్రాన్స్‌ఫార్మరు మొత్తం కలిపితే వంద ఉంటుందిరా!" అన్నారు. నిజమే కదా. ఇలాంటివి పది ఒక్కచోట పెడితే 3 మెగావాట్లు. ఛార్జర్ కొనుక్కోవడం తేలిక, దానికి కరెంటు తెచ్చుకోవడమే అసలు పని. నెదర్లాండ్స్‌లో చాలాచోట్ల గ్రిడ్ నిండిపోయి, పెద్ద కనెక్షన్ కోసం కంపెనీలు ఏళ్ళ తరబడి క్యూలో ఉంటున్నాయి.

దారి పొడుగునా టైము ఉంది కాబట్టి నాన్నకి చరిత్ర కూడా చెప్పాను. పదేళ్ళ క్రితం ఇక్కడా చెట్టు ముందా విత్తు ముందా అన్న తగువే. కార్లు లేవు కాబట్టి స్టేషన్లు పెట్టరు, స్టేషన్లు లేవు కాబట్టి కార్లు కొనరు. ఆ ముడిని కొందరు తెగించి విప్పారు. ఫాస్ట్‌నెడ్ అనే డచ్చి కంపెనీ 2012లో మొదలై, హైవేల పక్కన 201 చోట్లకి హక్కులు సంపాదించింది. 2013లో మొదటి స్టేషన్లు తెరిచేనాటికి వాటికి వచ్చే కార్లే లేవు. అదే ఏడాది టెస్లా నార్వేలో యూరప్‌లోని తన తొలి సూపర్‌ఛార్జర్లు పెట్టింది. 2017లో బీఎండబ్ల్యూ, డైమ్లర్, ఫోర్డ్, ఫోక్స్‌వాగన్... ఒకరినొకరు మింగేసేలా పోటీపడేవాళ్ళంతా కలిసి అయోనిటీ అనే కంపెనీ పెట్టి, 350 కిలోవాట్ల ఛార్జర్లు వేయడం మొదలెట్టారు.

ప్లగ్గుల గొడవ ఇంకోటి. జపాన్ వాళ్ళది ఒక రకం, యూరప్ కంపెనీలది ఇంకో రకం, టెస్లాది సొంత ఏర్పాటు. 2014లో యూరోపియన్ యూనియన్ ఒక ఆదేశం ఇచ్చి, ఫాస్ట్ ఛార్జర్ అన్నాక కనీసం సీసీఎస్ ప్లగ్గు ఉండాలని తేల్చింది. చివరికి టెస్లా కూడా 2019లో మోడల్ 3ని ఇక్కడికి అదే ప్లగ్గుతో తెచ్చింది. 2021 నవంబరులో నెదర్లాండ్స్‌లో పది స్టేషన్లని వేరే కార్లకి కూడా తెరిచింది. "అంటే అన్ని డిపోల్లోనూ అందరి బస్సులకీ డీజిలు పోస్తారన్నమాట" అన్నారు నాన్న. అంతే నాన్నా, సరిగ్గా అంతే అన్నాను. ఉద్యోగంలో చేరాక నా పని ఇంత గొప్పగా ఎవరికీ చెప్పుకోలేదు. :)

వ్యూర్జ్‌బర్గ్ దాటేసరికి రాత్రి పది. బయట 2 డిగ్రీలు, సన్నగా వాన. బ్యాటరీ 11 శాతం. అమ్మకి షుగరు, వెనక సీట్లో నిద్రపోతోంది. యాప్‌లో చూస్తే దగ్గర్లో ఒక స్టేషన్, నాలుగు ప్లగ్గులు, నాలుగింటి మీదా పచ్చ చుక్క. "అందుబాటులో ఉంది." వెళ్ళాం.

మొదటి ఛార్జర్: కార్డు తాకించాను. "ధ్రువీకరిస్తున్నాం, దయచేసి వేచి ఉండండి." నిమిషం తర్వాత "క్షమించండి." రెండోది, అంతే. మూడోది, అంతే. నాలుగోదానికి స్క్రీనే వెలగలేదు. యాప్‌ నుంచి మొదలెట్టబోయాను, అదీ తిరిగి తిరిగి ఆగిపోయింది. పాత స్టేషన్, బ్యాంకు కార్డు పెట్టే మెషిన్ లేదు. హెల్ప్‌లైనుకి ఫోన్ చేస్తే చాలాసేపు పాట వినిపించాక ఒకాయన ఎత్తి, దూరం నుంచే ఒక ఛార్జర్‌ని రీస్టార్ట్ చేశాడు. మళ్ళీ అదే "క్షమించండి". "మా సిస్టంలో అంతా బాగానే కనిపిస్తోందండీ" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఎందుకంటే ఆ మాట నేను ఎన్ని టికెట్లలో రాశానో నాకే తెలుసు. "మా వైపు అంతా బాగుంది. మళ్ళీ జరగలేదు. టికెట్ మూసేస్తున్నాం."

నాన్న గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డారు. "పచ్చగా ఉందన్నావు కదరా?" అన్నారు. చూపించాను. ఇంకా పచ్చగానే ఉంది! అప్పుడాయన అన్న మాట: "మా బస్టాండులో ఎంక్వైరీ వాడూ ఇంతే. బస్సు బయల్దేరింది అంటాడు. వాడు అబద్ధం చెప్పట్లేదు, డిపోలో బయల్దేరింది. ప్లాట్‌ఫారం మీదకి వచ్చిందా అన్నది మాత్రం వాడు చూడడు. ప్యాసింజరుకి కావలసింది అదొక్కటే."

హీటర్ ఆపేసి, లారీల వెనకాల 80 లో నడుపుతూ 24 కిలోమీటర్ల అవతలున్న ఇంకో స్టేషన్‌కి పోయాం. అమ్మ లేచి దుప్పటి కప్పుకుంది కానీ ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. చేరేసరికి 4 శాతం. కొత్త స్టేషన్, పైన కప్పు, పన్నెండు ప్లగ్గులు, కార్డు మెషిన్. బ్యాంకు కార్డు తాకించాను, క్షణాల్లో మొదలైంది. రాత్రి రెండున్నరకి మ్యూనిక్ చేరాం. బారసాల టైముకే జరిగింది, పాప అంతసేపూ నిద్రపోయింది.

సరే, అసలు విషయానికి వద్దాం. ఆ పచ్చ చుక్క ఎక్కణ్ణుంచి వస్తుంది? స్టేషన్ ఓసీపీపీ అనే ప్రొటోకాల్‌తో సర్వర్‌కి ఎప్పటికప్పుడు "బతికే ఉన్నాను, ఖాళీగా ఉన్నాను" అని కబురు పంపుతుంది. మనం దాన్ని నమ్మి పచ్చ రంగు వేస్తాం. కానీ నా కార్డు ఇచ్చింది ఒక కంపెనీ, స్టేషన్ ఇంకో కంపెనీది, మధ్యలో రోమింగ్ హబ్. కార్డు తాకించగానే ప్రశ్న ఈ మెట్లన్నీ ఎక్కి, జవాబు దిగి రావాలి. ఎక్కడ ఆగినా "క్షమించండి". అయినా స్టేషన్ బతికే ఉంది, చుక్క పచ్చగానే ఉంది.

నాలుగు ఛార్జర్లు ఉన్నాయి కదా, ఒక్కొక్కటి పదిలో తొమ్మిదిసార్లు పనిచేసినా నాలుగూ ఒకేసారి పోవడం పదివేలకి ఒకసారే అని కాగితం మీద లెక్క వేస్తాం. ఆ లెక్క చెల్లేది వాటి జబ్బులు వేరువేరు అయినప్పుడే. నాలుగూ ఒకే సర్వర్ మొహం చూస్తుంటే అవి నాలుగు కాదు, ఒకటే. ఈ సంగతి డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ ఇంటర్వ్యూల్లో గడగడా చెప్పేవాళ్ళం మనమే!

అందుకే యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన కొత్త చట్టంలో నాకు నచ్చింది అందరూ చెప్పే 60 కిలోమీటర్ల నియమం కాదు. అది మంచిదే. 2025 చివరికల్లా ముఖ్యమైన రహదారుల మీద ప్రతి 60 కిలోమీటర్లకీ, రెండు వైపులా, కనీసం 400 కిలోవాట్ల స్టేషన్ ఉండాలంది. నాకు నచ్చింది కార్డు మెషిన్ నియమం. 2024 ఏప్రిల్ 13 నుంచి కొత్తగా పెట్టే 50 కిలోవాట్లూ ఆపై ఛార్జర్లన్నిటి దగ్గరా మామూలు బ్యాంకు కార్డుతో కట్టగలగాలి. ప్రధాన రహదారుల మీదున్న పాతవాటికి 2027 జనవరి 1 గడువు పెట్టారు. చూడ్డానికి చిల్లర విషయం. కానీ అది రెండో దారి. దానికీ నెట్ కావాలి, నిజమే, కానీ రోమింగ్ మెట్లతో దానికి సంబంధం లేదు. ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది అదే.

ఇంగ్లండ్ వాళ్ళు ఇంకో అడుగు వేశారు. ఫాస్ట్ ఛార్జర్ల నెట్‌వర్క్ ఏడాది సగటున 99 శాతం పనిచేయాలని చట్టం చేశారు, 2024 నవంబరు నుంచి అమలు. మంచి ఉద్దేశమే. కాకపోతే ఆ 99 కూడా యంత్రం తన గురించి తాను చెప్పుకునే స్టేటస్‌తో లెక్కేసేదే. ఎంక్వైరీ వాడి లెక్క!

సోమవారం ఆఫీసుకి వెళ్ళి మా లాగుల్లోనే వెతికాను. పచ్చ చుక్క ఉన్న సమయంలో ఎన్నిసార్లు కార్డు తాకించారు, అందులో ఎన్నిసార్లు నిజంగా కరెంటు మొదలైంది? అంకె ఇక్కడ రాయలేను, కానీ మేం కస్టమర్లకి చూపించేది అది కాదు. మేనేజరుకి చూపించాను. మంచివాడే. కాసేపు చూసి, "కాంట్రాక్టులో ఉన్నది అప్‌టైము. దీన్ని మనమే బయటపెడితే మొదట అడిగేది మనల్నే" అన్నాడు.

చెప్పొద్దూ, నాకూ భయమేసింది. ఇక్కడ నా పర్మిట్ ఈ ఉద్యోగంతో ముడిపడి ఉంది. రెండు వారాలు నోరు మూసుకున్నాను. మూడో వారం ఒక పాత టికెట్ కంటబడింది. ఎవరో డ్రైవరు రాశారు, రాత్రిపూట, చంటిపిల్లతో గంటసేపు ఇరుక్కున్నామని. కింద నా పేరుతో నా జవాబు: "మా వైపు అంతా బాగుంది." ఆ రోజే టీమ్ మీటింగులో ఆ గ్రాఫు అందరి ముందూ పెట్టేశాను. ఉద్యోగం పోలేదు. గొప్ప విప్లవమూ రాలేదు. లోపలి డాష్‌బోర్డులో ఒక మూల చిన్న గ్రాఫు చేరింది, వరసగా ప్రయత్నాలు విఫలమైతే పచ్చ చుక్కని పసుపు చేసే పని తర్వాతి రిలీజులో ఉంది. కస్టమర్లకి చూపించే విషయం ఇంకా తేలలేదు.

నాన్న తెనాలి వెళ్ళిపోయారు. హైదరాబాదు, విజయవాడ మధ్య 2023 మేలో మొదలైన ఎలక్ట్రిక్ బస్సుల గురించి అడిగితే, "వాటికేంరా, డిపోకి తిరిగొస్తాయి. దార్లో పరాయివాడి ప్లగ్గుని నమ్ముకోవలసింది మీరే" అన్నారు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్లో బాగున్నావా అనే ముందే ఒక ప్రశ్న అడుగుతున్నారు: "ఏరా, బస్సు ప్లాట్‌ఫారం మీదకి వచ్చిందా?"

ఇంకా రాలేదు నాన్నా. డిపోలో మాత్రం బయల్దేరింది.

మరి మీ డాష్‌బోర్డులో పచ్చ చుక్కల సంగతేంటి? అవతల గొడుగు పట్టుకుని నిలబడ్డవాళ్ళని అడిగి చూశారా ఎప్పుడైనా?