కంచం మోగిస్తే తిరిగాడు

మొన్న దసరాకి లక్సెట్టిపేట వెళ్ళాను. మంచిర్యాలలో రైలు దిగి, బస్సెక్కి ఇల్లు చేరేసరికి మా మేనకోడలు నాకంటే ముందే వచ్చి ఉంది. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో ఆడియాలజీ ఎమ్మెస్సీ చేస్తోంది. పసిపిల్లల వినికిడి మీద పనిచేయాలని తన కోరిక. మా ఊళ్ళో మాత్రం తను "చెవుల డాక్టరు". కాదని చెప్పీ చెప్పీ మానేసింది.

ఆ సాయంత్రం పక్కింటావిడ పద్నాలుగు నెలల మనవణ్ణి ఎత్తుకొచ్చింది. వాడింకా "అత్త, తాత" అనడం లేదట. మా అమ్మ వెంటనే "వాళ్ళ నాయిన గూడ మూడేండ్ల దాంక మాట్లాడలే, ఏం గాదు" అని తీర్పు చెప్పేసి, వాడి వెనకనించి స్టీలు కంచం మీద గరిటెతో ఠంగున కొట్టింది. వాడు గిరుక్కున తిరిగాడు.

"సూశినవా, మంచిగనే ఇనవడ్తంది."

"చిన్నమామకు గూడ గిట్లనే కొట్టి సూశిన్రా అమ్మమ్మా?" అంది మేనకోడలు. అమ్మ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చిన్నమామ అంటే మా తమ్ముడు. వాడికి పుట్టుకతోనే వినికిడి చాలా తక్కువని ఐదేళ్ళు నిండి బళ్ళో వేశాక గానీ తెలీలేదు. అంతవరకూ ఈ కంచం పరీక్ష వాడు ప్రతిసారీ పాసయ్యాడు! ఆ ఐదేళ్ళూ మాటా లేదు, సైగల భాషా లేదు. ఇప్పుడు మంచిర్యాలలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, చేతిపనిలో నాకంటే మొనగాడు. కానీ ఆ ఐదేళ్ళు తిరిగిరావు కదా.

ఎలా పాసయ్యాడని అడిగాను. కంచం చప్పుడు చాలా పెద్దది, కొద్దిగా వినికిడి ఉన్నా అందుతుంది. ఏమీ వినపడని బిడ్డ కూడా నీడ కదిలినా, ఎత్తుకున్నవాళ్ళ మొహం మారినా తిరుగుతాడు. మాటలో "స", "ష" లాంటి సన్నటి శబ్దాలు అందుతున్నాయా లేదా అన్నది కంచం చెప్పదు. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ కేసే తప్పు. అది పాసైందని రిలీజ్ చేసేశాం.

అసలు పరీక్ష వేరే ఉంది. లోపలి చెవి శబ్దం అందుకున్నప్పుడు తనూ అతి సన్నని శబ్దం చేస్తుందని 1978లో డేవిడ్ కెంప్ కనిపెట్టాడు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న ప్రోబు పెట్టి కొన్ని నిమిషాల్లో దాన్ని పట్టుకోవచ్చు. అది ఓఏఈ. చెవినించి మెదడుకి వెళ్ళే దారి సరిగా ఉందో లేదో చూసేది బెరా. నెల లోపు స్క్రీనింగు, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు వినికిడి మిషను, శిక్షణ మొదలవ్వాలి. ఇదీ వీళ్ళు పాటించే లెక్క. కాక్లియర్ ఇంప్లాంటుకి ప్రభుత్వ పథకాలున్నా వాటికి వయసు పరిమితి ఉంటుంది. "కొన్నాళ్ళు చూద్దాం" అన్నామంటే అదీ చేజారుతుంది.

"మిషన్లు నడపడం వచ్చేసింది మామా. తల్లికి ఎట్ల చెప్పాలన్నదే ఇంకా నేర్చుకుంటున్న. అందరూ ముందు అడిగేది ఒకటే, 'నా తప్పేనా?' అని" అంది.

పక్కింటివాళ్ళు పండగ అయ్యాక చూద్దామన్నారు. ఈ పిల్ల వినలేదు. మర్నాడు ఫోన్లు చేసి కరీంనగర్‌లో అపాయింట్‌మెంటు తీసుకుని, తన సెలవు పాడుచేసుకుని వాళ్ళతో వెళ్ళింది. ఏం తేలిందన్నది వాళ్ళింటి విషయం, ఇక్కడ రాయను.

ఆ రాత్రి అన్నాలప్పుడు అమ్మ నెమ్మదిగా అడిగింది. "మాది మేనరికం గదా బిడ్డా, అందుకేనా?"

"మేనరికంల అట్లాంటి అవకాశం కొంచెం ఎక్కువ ఉంటది. చిన్నమామకు అందుకే అయిందని ఇప్పుడు ఎవరు చెప్తరు? అప్పుడు మనూళ్ళె ఆ మిషనే లేకుండె అమ్మమ్మా. నీ తప్పేం లేదు."

అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తమ్ముడికి ఇంకో గరిటె పప్పు వేసింది.

ఇదంతా ఎందుకు రాశానంటే, మనలో చాలామందిమి పిల్లల్ని ఊళ్ళో తాతమ్మల దగ్గర వదిలి ఉద్యోగాలు చేస్తున్నాం. మాటలు ఆలస్యమైతే "మా వంశమే అంత" అనుకోకండి. కంచం పక్కన పెట్టి, పరీక్ష చేయించండి.