నేను కట్టిన గూడ్సు వ్యాగన్లు

మా ఇంటికి వచ్చిన మిత్రులకు నా గదిలోని అద్దాల బీరువాను చూపినప్పుడు వారు మొట్టమొదట వేసే ప్రశ్న దాదాపు ఒక్కటే: "ఇంజను ఏదండీ?" ఆ బీరువాలో పదునాలుగు గూడ్సు వ్యాగన్లున్నవి. నాలుగు చక్రాలవి బెత్తెడు పొడవు. బోగీలపై నిలిచినవి జానెడుకు కొంత తక్కువ. అన్నియు తుప్పు కలిసిన ఎర్రమట్టి రంగువే. చివర ఒక గార్డు బ్రేకు వ్యాను ఉన్నది. ఇంజను మాత్రం లేదు. కొనలేక కాదు, కట్టలేక కాదు. నా మనస్సు వ్యాగన్ల దగ్గరనే ఆగిపోయినది. అందుకు కారణం చెప్పవలెనంటే నా చిన్ననాటి సంగతి ఒకటి, నేను చేసిన తప్పు ఒకటి చెప్పక తప్పదు.

మా అబ్బాజాన్ కాజీపేట యార్డులో పనిచేసేవారు. ఖలాసీగా చేరి ఫిట్టరుగా పదవీ విరమణ చేసినారు. గూడ్సు బండి వచ్చి నిలువగానే పొడుగాటి కర్ర తొడిగిన సుత్తి పట్టుకొని బండి పొడవునా నడుచుచు ఒక్కొక్క చక్రమును తట్టి వినుట ఆయన పని. మంచి చక్రము గంటవలె మ్రోగును. బీట పడినది బొంగురు పోవును. ఇరుసు చివర నుండే ఆక్సిల్ బాక్సును అరచేతితో కాక చేతి వెనుక భాగముతో తాకి చూచేవారు. ఆనాటి వ్యాగన్లలో ఇరుసు బేరింగుపై నూనె పొరతో తిరుగుచుండెడిది. నూనె ఎండినచో ఇరుసు కాగి, విరిగి, బండి పట్టాలు తప్పవచ్చును. చేయి కాలిన బాక్సుకు సుద్దముక్కతో గుర్తు వేసి, ఆ వ్యాగనును సిక్ లైనుకు పంపించేవారు. మనుషులకు వలెనే వ్యాగన్లకు కూడ జబ్బు చేయునని నేను మొదట విన్నది ఆయన నోటనే.

ఇంటర్మీడియెటులో చేరుటకు వెళ్లిననాడు ప్రవేశపత్రంలో 'తండ్రి వృత్తి' అనే గడి ముందు నా కలము ఆగినది. 'రైల్వే ఉద్యోగి' అని వ్రాసితిని. బల్ల వెనుక కూర్చున్న వ్యక్తి "రైల్వేలో ఏ ఉద్యోగం?" అని అడిగినాడు. నా వెనుకనే అబ్బాజాన్ రాత్రి డ్యూటీ దిగి, నూనె మరకల బట్టలతోనే నిలిచి ఉన్నారు. నేను "గుమాస్తా" అంటిని. ఆయనకు తెలుగు చదువుట రాదు గాని, వినుట వచ్చును గదా! దారి పొడవునా ఆయన ఏమియు అనలేదు. అటు తరువాత కూడ ఎన్నడును అనలేదు.

సంవత్సరాలు గడచినవి. చదువు ముగిసి నేను అధ్యాపకుడనైతిని. 1990 దశకం చివర అమెరికాలో స్థిరపడిన మా మామూ కుమారుడు సెలవులకు వచ్చి ఒక అట్టపెట్టె ఇచ్చినాడు. తెరచి చూడగా రెసిన్‌తో పోతపోసిన పలుచని పలకలు, వెండ్రుకవలె సన్నని తీగలు, నీటిలో నానబెట్టి అతికించే అక్షరాల కాగితము ఉన్నవి. అది అమెరికా గూడ్సు పెట్టె ఒకదానికి నమూనా. అడుగుకు మూడున్నర మిల్లీమీటర్ల లెక్కన, అనగా అసలు దానిలో 87వ వంతు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917 డిసెంబరు చివర, అమెరికా ప్రభుత్వం రైల్వేలను తన అధీనంలోనికి తీసికొని, 1918లో కొన్ని ప్రామాణిక నమూనాలు నిర్ణయించి వేలకొలది పెట్టెలు కట్టించినది. ఇది వాటిలో ఒకటి. ఉక్కు చట్రము బయటికి కనబడుచుండ, లోపలి వైపున చెక్క పలకలు బిగించినది.

దానిని పూర్తి చేయుటకు నాకు మూడు నెలలు పట్టినది. పెట్టె ఎక్కుటకు పట్టుకొనే ఒక్కొక్క కమ్మీని తీగ వంచి, సూదిమొన వంటి రంధ్రములో నాటవలెను. ఆ మూడు నెలలలో ఆ దేశపు అభిరుచిగాండ్ర పద్ధతులను పుస్తకాల ద్వారా కొంత తెలిసికొంటిని. నన్ను ఆశ్చర్యపరచినది వారి నేర్పు కాదు, వారి నియమనిష్ఠ. అక్కడ గూడ్సు పెట్టెను కొంతకాలానికొకసారి మరల తూచి, తూచిన స్థలపు గుర్తును, నెలను, సంవత్సరమును పెట్టెపై వ్రాయుట ఆచారముగా ఉండినది. 1950 నాటి రైలును చూపదలచినవాడు తన పెట్టెపై 1953 నాటి తూకపు తేదీ ఉన్నచో దానిని బీరువాలోనికే నెట్టివేయును. కప్పు మీద మనుషులు నడిచే పలకలు 1966 తరువాత కట్టిన పెట్టెలకు అవసరము లేకపోయినవి. కనుక పలక ఉన్నదా లేదా అన్నదే ఒక సాక్ష్యము.

అంతకంటె గొప్ప విషయము మరియొకటి. ఏ కంపెనీ పెట్టె అయినను ఆ దేశమంతట తిరుగును. అందుచేత ఒక చిన్న రైలుమార్గమును చూపదలచినను, దాని మీద ఏయే కంపెనీల పెట్టెలు ఏ పాళ్లలో నడిచెడివో లెక్క కట్టవలెను. గార్డులు వ్రాసికొన్న పాత పుస్తకాలను, పాత ఛాయాచిత్రాలను పరిశీలించి వారు ఈ లెక్క తేల్చుచున్నారు. సేకరించువానికి సహజముగా అపురూపమైన వాటిపై మోజు. రంగురంగుల ప్రకటనలతో మెరసే మంచుపెట్టెలను ఎవరైనను ఇష్టపడుదురు. 1930 దశకంలో నిషేధింపబడుటచే వాటికి ఇంకను గిరాకీ. కాని నిజాయితీగల సేకరణలో మెరుపుపెట్టె ఒక్కటి ఉన్నచో, సాదా పెట్టెలు పదులకొలది ఉండవలెను. ఎందుకనగా నిజమైన రైలు అట్లే ఉండెను.

ఆ మాట నాకు ములుకువలె తగిలినది. మన వద్ద కూడ రాజుల సెలూన్లకు, పేరుగల ఇంజన్లకు భద్రత దొరికినది. 1977లో ఢిల్లీలో జాతీయ రైలు మ్యూజియము వెలసినది. మంచిదే. కాని సింగరేణి బొగ్గును మోసిన నాలుగు చక్రాల వ్యాగను వేలకొలదిగా ఉండినందుననే ఎవరికిని కనబడలేదు. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చినది; 1889 నాటికి మార్గము బెజవాడ చేరినది. నిజాము రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసినది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినది. వ్యాగన్లపై అక్షరాలు మారినవి గాని, వాటి క్రింద సుత్తి పట్టుకొని నడచినవారి పని మారలేదు. 1980 దశకంలో ఎయిర్ బ్రేకులతో పెద్ద బోగీ వ్యాగన్లు వచ్చినవి. వాక్యూమ్ బ్రేకుల చిన్న వ్యాగన్లు ఒక్కొక్కటే తుక్కుకు పోయినవి. అబ్బాజాన్ తట్టి చూచిన వ్యాగను ఒకటి నా చేతులతో కట్టవలెనని సంకల్పించితిని.

మొదటి చిక్కు కొలతలది. ఒక స్టేషను యార్డు మూల, సేవ నుండి తొలగించిన పైకప్పు లేని వ్యాగను ఒకటి గడ్డిలో నిలిచి ఉన్నదని తెలిసి, అనుమతి తీసికొని టేపుతో వెళ్లితిని. ఒక పూటంతా పలకలు, మూలల పట్టీలు, తలుపుల మడత బందులు, రివెట్ల వరుసలు కొలిచి నోటుపుస్తకంలో వ్రాసికొంటిని. చీకటి పడినందున క్రింది భాగము మిగిలినది. నెల తరువాత మరల వెళ్లునప్పటికి అక్కడ గడ్డిలో నల్లని నూనె మరక తప్ప ఏమియు లేదు. వ్యాగను ముక్కలై తుక్కు గుత్తేదారు లారీలో వెళ్లిపోయినదట. క్రింది భాగమునకు ఇక నాకు ఆధారము పాత ఛాయాచిత్రము ఒక్కటే.

రెండవ చిక్కు పట్టాల వెడల్పు. అమెరికాలో పట్టాల మధ్య దూరము 1435 మిల్లీమీటర్లు. 87వ వంతు చేసినచో పదహారున్నర. బజారులో దొరికే చిన్న పట్టాలు, చక్రాలు అన్నియు ఆ కొలతకే. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు; దానిలో 87వ వంతు పందొమ్మిదింబావు దాటును. దొరికే చక్రాలపై మన వ్యాగనును నిలిపినచో భారీ మనిషి కాళ్లు దగ్గరకు చేర్చుకొని నిలిచినట్లుండును. తేడా మూడు మిల్లీమీటర్లు కూడ లేదు, ఎవరును గమనింపరు. అయినను మన వ్యాగను ఠీవి అంతయు ఆ వెడల్పులోనే ఉన్నది. కనుక ఇరుసులు ఊడదీసి, పొడవైన ఉక్కు కడ్డీలు కోసి, చక్రాలను వాటికి తొడిగితిని. అవి వంకర లేకుండ తిరుగునప్పటికి పదకొండు ఇరుసులు పాడైనవి.

వ్యాగను దేహమునకు పెళ్లి శుభలేఖల దళసరి అట్ట, పలుచని ప్లాస్టిక్ రేకు వాడితిని. రేకు వెనుక నుండి మొండి సూదితో నొక్కినచో ముందు వైపున రివెట్టు తల పైకి లేచును. ఒక వరుసలో ఒక్కటి ప్రక్కకు జరిగినను ఆ పలక మొత్తము పారవేయవలసినదే. రైల్వే పేరు, సంఖ్య, ఖాళీ బరువు, మోయగల బరువు, మరమ్మతు తేదీ అన్నింటిని మూడు వెండ్రుకల కుంచెతో వ్రాసితిని. లోపలి అడుగున బొగ్గు మసి, మూలలలో తుప్పు చూపితిని. 2004లో వ్యాగను పూర్తి అయినది.

అప్పటికి అబ్బాజాన్ పదవీ విరమణ చేసి ఆరేళ్లైనది. చూపు మందగించినది. వ్యాగనును ఆయన చేతిలో పెట్టితిని. ఆయన మొట్టమొదట చేసిన పని ఏమనుకొన్నారు? దానిని వెల్లకిల త్రిప్పలేదు, రంగు మెచ్చుకొనలేదు. కుడిచేతి వెనుక భాగమును నువ్వుగింజ వంటి ఆక్సిల్ బాక్సుకు ఆనించినారు. ముప్పది ఏండ్లకు పైబడిన అలవాటు! తరువాత పత్రిక చదువుకొనే భూతద్దము తెప్పించుకొని, కిటికీ దగ్గర కూర్చుండి చాలాసేపు చూచినారు.

"బేటా, బండి ఖాళీగున్నది కద. కమాన్లేంది, బరువెక్కినట్టు అణిగున్నయ్?"

నేను నిర్విణ్ణుడనైతిని. ఆధారముగా తీసికొన్న ఛాయాచిత్రము బొగ్గుతో నిండిన వ్యాగనుది. నిండు బరువున ఇరుసుల పైనుండే కమాను పట్టీలు చదునై ఉన్నవి. ఖాళీ అయినప్పుడవి విల్లువలె వంపు తిరిగి ఉండును. పై భాగము ఖాళీ వ్యాగనుది, క్రింది భాగము నిండు వ్యాగనుది! మిల్లీమీటరులో సగము కూడ లేని ఆ తేడాను, అమెరికా పుస్తకాలన్నియు చదివిన నేను కనిపెట్టలేదు. మందగించిన ఆ కళ్లు కనిపెట్టినవి. "నాలుగు కమాన్లు ఊడబీకి మళ్ల చేస్త" అంటిని. ఆయన నవ్వినారు.

"ఊడబీకుడెందుకు? బొగ్గు పొయ్యి. మోసే బండిని ఖాళీగ ఎందుకు నిలబెట్టినవ్?"

సింగరేణి బొగ్గు పెళ్ల ఒకటి సంపాదించి ఇద్దరము కూర్చుండి దంచితిమి. జేనెడు పెళ్ల 87వ వంతున ఎంత ఉండునో లెక్కకట్టి నేను జల్లెడ పట్టితిని. వ్యాగనులో బొగ్గు నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా ఎట్లు కూర్చుండునో ఆయన వ్రేలితో సర్ది చూపినారు. ఆనాడు ఆయన చెప్పినన్ని సంగతులు అంతకు ముందు ఇరువది ఏండ్లలో చెప్పలేదు. నేను అడుగను గూడ లేదు. ఆ సాయంత్రము నుండి నేను కట్టిన ప్రతి వ్యాగను ఆయన పరీక్షలో నెగ్గిన పిదపనే బీరువాలోనికి వెళ్లినది. రెండింటిని సిక్ లైనుకు పంపినారు.

ఆ మొదటి వ్యాగను అడుగున, ఎవరికిని కనబడని చోట, సన్నని కుంచెతో ఆయన పేరు, దాని క్రింద 'ఫిట్టరు, కాజీపేట' అని ఉర్దూ లిపిలో వ్రాసితిని. ఆయన చదువగలిగినది ఆ లిపి ఒక్కటే. భూతద్దము పెట్టి చదివి, కొంతసేపు ఊరకుండి, "బండి కింద పేరు ఎవ్వరు రాయరు, బేటా. తుడిచెయ్" అన్నారు.

తుడువలేదు. నా పదునాలుగు వ్యాగన్లలో చరిత్రకు విరుద్ధమైనది తెలిసి తెలిసి ఉంచుకొన్నది అది ఒక్కటే. ఇప్పుడు వారు లేరు.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! ప్రవేశపత్రాలు నింపిన దినము మీలో చాలమందికి ఇంకను జ్ఞాపకముండును. ఆ గడిలో మీరేమి వ్రాసితిరో నేను అడుగను. మీ ఇండ్లలో కుట్టుమిషను ఉండవచ్చును, తాపీ ఉండవచ్చును, రిక్షా ఉండవచ్చును, పాన్ డబ్బా ఉండవచ్చును. ఆ పనిముట్టును ఎట్లు పట్టుకొనవలెనో, దేనిని దేనితో తాకి చూడవలెనో చెప్పగలవారు ఇంకను మీ ఎదుటనే ఉన్నారు. సెలవులలో ఒక నోటుపుస్తకము తీసికొని వారి వద్ద కూర్చుండుడు. మరల వచ్చి కొలుచుకొందమని చీకటిపడగానే లేచి రాకుడు.