ఒక పట్టణము – రెండు ఉష్ణోగ్రతలు

వేసవి దినములలో విశాఖపట్టణపు వేడిమి ఎంత అని అడిగినవారికి వాతావరణశాఖ ఒక అంకె గాక రెండంకెలు చెప్పును. ఒకటి వాల్తేరుది, మరియొకటి విమానాశ్రయముగా పేరుపడిన మైదానముది. రెండును ఒకే పట్టణములోనివి. రెండును శాస్త్రోక్తముగా కొలిచినవే. అయినను వాని నడుమ రెండు మూడు డిగ్రీల భేదము కనబడుట అరుదు కాదు. వీనిలో ఏది నిజమనిన, రెండును నిజములే అని చెప్పవలసియుండును.

వాల్తేరు కేంద్రము సముద్రమునకు కూతవేటు దూరముననున్నది. పగటి యెండకు నేల త్వరగా కాగును. సముద్రజలము అంత త్వరగా వేడెక్కదు. నేలపైని గాలి తేలికయై పైకి లేవగా, ఆ చోటును పూరించుటకు కడలి మీది చల్లగాలి ఒడ్డునకు వచ్చును. అది పెందలకడ వచ్చిన దినమున వాల్తేరు ఉష్ణమాపకపు అంకె అంతతో ఆగిపోవును. రెండవ కేంద్రమన్ననో, యారాడ కొండకును కైలాసగిరి వరుసకును నడుమ పళ్ళెపు అడుగువంటి పల్లమున నున్నది. సముద్రపుగాలి అచ్చటికి ఆలస్యముగా, త్రోవలో వేడెక్కి మరీ చేరును. పడమటిగాడ్పు బలముగా వీచిన దినమున మాత్రము వాల్తేరునకును తప్పించుకొను దారి లేదు. ఆ గాడ్పు సముద్రపుగాలిని ఒడ్డుననే నిలిపివేయును. అప్పుడు ఇరుతావులును మండిపోవును.

ఉష్ణోగ్రతను ఎండలో కొలువరు. నీడలోని గాలికే కొలుతురు. అందులకు తెల్లరంగు పూసిన పెట్టెయొకటి వాడుకలోనున్నది. దాని ప్రక్కలకు వాలుపలకలుండుటచే గాలి లోనికి పోవును గాని ఎండ పోజాలదు. దీనిని కల్పించినవాడు స్కాట్లండు దేశపు దీపస్తంభముల ఇంజనీరు థామస్ స్టీవెన్సన్. బాలురు మక్కువతో చదువు 'ట్రెజర్ ఐలాండ్' కథను రచించిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఈయన కుమారుడే. ఆ పెట్టెను గోడలకును చెట్లకును దూరముగా, పచ్చికనేలపై నిలుపవలెను. మన దేశమున దాని తలుపు ఉత్తరమునకు తెరచుకొనవలెను. ఈ నియమములు చాదస్తములు కావు. డాబా మీదనో తారుబాట అంచుననో పెట్టిన ఉష్ణమాపకము ఊరి గాలిని గాక ఆ డాబా వేడిని, ఆ తారు వేడిని చెప్పును.

పెట్టెను ఎంత సరిగా నిలిపినను, చోటు మార్చినచో మరియొక చిక్కు వచ్చును. అమెరికాలో పసిఫిక్ తీరపు నగరమైన లాస్ ఏంజిలిస్‌లో 1999లో అట్లే జరిగినది. నగర జలవిద్యుచ్ఛాఖ ఆవరణలోని కేంద్రమును సుమారు నాలుగు మైళ్ళ దూరమున, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు తరలించిరి. క్రొత్తచోటు సముద్రమునకు చేరువ. చల్లదనము కొంత ఎక్కువ. పట్టికలో పేరు మాత్రము మునుపటిదే. ఈ సంగతి ఎరుగక పాత అంకెల క్రింద క్రొత్త అంకెలు చేర్చి చూచువారికి ఆ యేటినుండి నగరమే చల్లబడినదని తోచును. 2010 సెప్టెంబరు 27వ తేదీన ఆ చల్లని చోటుననే 113 ఫారన్‌హీట్ డిగ్రీలు, అనగా 45 సెంటీగ్రేడు డిగ్రీలు నమోదైనవి. పిమ్మట ఆ యంత్రమే పనిచేయుట మానినది! ఇట్టి మార్పులు చేయునపుడు కొంతకాలము రెండు చోట్లను కొలిచి, భేదమును లెక్కగట్టి యుంచుట మేలైన పద్ధతి.

ఈ భేదము పట్టికలతో పోవునది కాదు. భారత వాతావరణశాఖ నియమము ననుసరించి, తీరప్రాంతపు కేంద్రమున గరిష్ఠ ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు తగ్గక, సాధారణముకంటె 4.5 డిగ్రీలైనను హెచ్చవలెను. అప్పుడే అది వడగాడ్పుగా ఎన్నబడును. ఆ 'సాధారణము' అదే కేంద్రపు ముప్పది యేండ్ల సగటు. కావున ఎల్లప్పుడును వేడిగా నుండు చోట వేడి సైతము సాధారణమనిపించుకొనును. గాజువాకలో ఇనుపచువ్వలు మోయు కూలీ ఒంటికి ఈ సగటుతో పని లేదు. వాల్తేరు అంకెను చూచి, నేడు ఎండ అంతగా లేదని మేస్త్రీ పని సాగించిన మధ్యాహ్నమున, అతని తలపై నున్నది మైదానపు ఎండ. పత్రికలో ఆ రెండవ అంకె మొదటిదాని క్రిందనే అచ్చగుచుండును.