పేరుమోసిన ఊరు

బాపట్ల ప్రాంతంలోని ఒక హైస్కూల్లో నేను చాలాకాలం ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు నాకంటే వేగంగా ఇంగ్లీషు మాట్లాడేస్తున్నారు గాని, మాటల తేడాలు అడగవలసివస్తే ఇంకా తాతయ్య దగ్గరికే వస్తారు. మొన్న చిన్న మనుమరాలు వచ్చి, "తాతయ్యా, ఫేమస్‌కీ నొటోరియస్‌కీ తేడా ఏమిటి?" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టి, ఉదాహరణ దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాను. ఎందుకు ఆగానో ఆ పిల్లకు చెప్పలేదు. మీకు చెబుతాను.

పేరుప్రతిష్ఠలను తెలిపే విశేషణాలు ఇంగ్లీషులో చాలా ఉన్నాయి. తొమ్మిదో తరగతివాళ్లకు వాటిని నేర్పడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. వెల్‌నోన్ అంటే నలుగురికీ తెలిసినది, అంతే. ఫేమస్ అంటే ఇంకా దూరందాకా తెలిసినది. రినౌన్డ్ అనాలంటే ఏదో నేర్పు ఉండాలి, దానివల్ల గౌరవమూ రావాలి. చీరాల చేనేతకు ఆ మాట నప్పుతుంది. ఎమినెంట్ అనేది మనుషులకే, అదీ తమ వృత్తిలో పైకి వచ్చినవారికి. డాక్టరు ఎమినెంట్ కావచ్చు, బందరు లడ్డు కాలేదు. ప్రతి ఏడూ పిల్లలు సరిగ్గా ఇక్కడే నవ్వేవారు. రెప్యూటెడ్ అనే మాటను మనవాళ్లు ఉద్యోగ ప్రకటనల్లో 'మంచి పేరున్న' అనే అర్థంలో వాడేస్తారు. ఇంగ్లీషువారికి అది ఎక్కువగా 'అలా అని అనుకుంటారు' అన్నంత మాత్రమే. అందులో కాస్త అనుమానం కూడా ఉంటుంది.

ఒకసారి ఒక అమ్మాయి లేచి, "వాల్యుబుల్ కంటే ఇన్‌వాల్యుబుల్ గొప్పది గదా సార్, మరి ఫేమస్ కంటే ఇన్‌ఫమస్ గొప్పది కాదా?" అని అడిగింది. ఆ పిల్ల అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఇంగ్లీషులోనే లేదు.

నొటోరియస్ చివరికి ఉంచేవాణ్ణి. మన తెలుగులో 'పేరుమోసిన' అనే మాట డాక్టరుకూ చెల్లుతుంది, దొంగకూ చెల్లుతుంది. నొటోరియస్ కూడా లాటిను మూలంలో 'తెలిసిన' అనే అర్థం నుండి వచ్చినదే. పోనుపోను చెడ్డవైపు ఒరిగిపోయింది. దీనికి నల్లబల్లమీద ఏటేటా ఒకే వాక్యం వ్రాసేవాణ్ణి: "స్టూవర్టుపురం ఈజ్ నొటోరియస్ ఫర్ థీవ్స్." ఆ ఊరు మాకు దగ్గరే. పిల్లలకు వెంటనే తలకెక్కేది.

1991లో ఆ ఊరి పేరు పెట్టి సినిమాలు కూడా వచ్చాయి. ఆ ఏడు నేను ఆ వాక్యం వ్రాయగానే తరగతంతా గొల్లుమంది. వారం తర్వాత చిన్న పరీక్ష పెట్టాను. ఒక్కొక్క మాటతో ఒక సొంత వాక్యం వ్రాయాలి. హాస్టల్లో ఉండి చదువుకునే కుర్రాడొకడు నొటోరియస్ దగ్గర ఏమీ వ్రాయకుండా వదిలేశాడు. ఫేమస్ దగ్గర మాత్రం "మై గ్రాండ్‌మదర్ ఈజ్ ఫేమస్ ఇన్ బాస్కెట్స్" అని వ్రాశాడు. నేను 'ఇన్' కొట్టేసి, ఎర్రసిరాతో 'ఫర్' అని దిద్ది, అర మార్కు వేశాను. వదిలేసినదానికి సున్న.

మరుసటి ఏడు స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపుతూ వాణ్ణి స్వగ్రామం ఏదని అడిగాను. బల్ల దగ్గరకు ఇంకా జరిగి, వెనుకనున్నవాళ్లకు వినపడకుండా చెప్పాడు.

"నిరుడు నేను బోర్డుమీద వ్రాసింది..." అన్నాను. ఆపైన మాట రాలేదు.

"పర్వాలేదు సార్. సినిమాలో కూడా అలాగే ఉంది" అన్నాడు. పదిహేనేళ్లవాడు నన్ను ఓదార్చాడు.

అప్పటిదాకా ఆ ఊరి సంగతి నేను చదివిందే లేదు. ఆంగ్ల ప్రభుత్వం 1871లో నేరజాతుల చట్టం అని ఒకటి చేసి, 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చింది. కొన్ని జాతులవాళ్లు పుట్టుకతోనే నేరస్థులని అందులో ముద్ర వేశారు. 1913లో ఎరుకలవారిని తీసుకొచ్చి, రక్షణ సైన్యమువారి అజమాయిషీలో ఒక సెటిల్‌మెంటు పెట్టి, హెరాల్డ్ స్టూవర్ట్ అనే పెద్ద అధికారి పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. చట్టం 1952లో రద్దయింది. తర్వాతి కాలంలో కవి జాషువా గారి కుమార్తె హేమలతా లవణం గారు, భర్తతో కలిసి ఆ ఊళ్లో మార్పుకోసం సంవత్సరాల తరబడి పాటుపడ్డారు. ఇవేవీ నేను బోర్డుమీద వ్రాయలేదు. నలభై ఏళ్ల క్రితం ప్రభుత్వమే కొట్టేసిన మాటను నేను సుద్దముక్కతో ఏటా మళ్లీ వ్రాస్తూ వచ్చాను.

ఆ ఏడాదినుండి ఉదాహరణ మార్చాను. మత్తయి సువార్త 27వ అధ్యాయంలో బరబ్బను మన తెలుగు బైబిలు 'ప్రసిద్ధుడు' అంటుంది. కింగ్ జేమ్స్ అనువాదంలో నోటబుల్ అని ఉంది. తర్వాత వచ్చిన కొన్ని ఇంగ్లీషు అనువాదాలు నొటోరియస్ అన్నాయి. గ్రీకులో ఆ మాట ఎపిసెమోస్, అంటే గుర్తు పడినవాడు, ముద్ర ఉన్నవాడు. అదే మాటను పౌలు రోమా పత్రిక 16వ అధ్యాయంలో అంద్రొనీకు, యూనీయలను మెచ్చుకుంటూ వాడాడు. మాట ఒక్కటే, మనుషులు వేరు. బరబ్బ తాను చేసినదానికి ఆ పేరు తెచ్చుకున్నాడు. ఆ కుర్రాడు ఏం చేశాడు?

వాడు పదో తరగతి పాసై వెళ్లిపోయాడు. ఎర్రసిరాతో దిద్దిన ఆ కాగితాన్ని ఏం చేశాడో నాకు తెలియదు.

మొన్న నేను మాట్లాడకపోయేసరికి మనుమరాలు నా మోకాలు తట్టి, "నొటోరియస్‌కి ఉదాహరణ చెప్పు తాతయ్యా" అంది. బరబ్బ అని చెప్పాను. మరి ఫేమస్‌కి?

"మా బడిలో చదివిన ఒక అబ్బాయి వాళ్ల నానమ్మ, బుట్టలల్లడంలో" అన్నాను.