ఆ రాయి

యాప్రాల్‌కి మారి ఆరేళ్లయింది. సికింద్రాబాదు వెళ్లాలంటే నేను తిరుమలగిరి మీదుగానే వెళ్తాను. 1934లో శ్యామ్ బెనెగల్ పుట్టింది ఆ తిరుమలగిరిలోనే అన్న సంగతి మాత్రం, 2024 డిసెంబరులో ఆయన పోయాక పేపర్లో చదివేదాకా నాకు పట్టలేదు. ఆ వారంలోనే నాన్నని పక్కన కూచోబెట్టుకుని ‘అంకుర్’ పెట్టాను.

తండ్రి ఫొటోగ్రాఫర్. ఆయన కెమెరాతో పన్నెండేళ్లకే సినిమా తీసిన పిల్లాడు, నిజాం కాలేజీలో చదివి, బొంబాయి చేరి, వందల ప్రకటనలు తీశాడు. ‘అంకుర్’ కథ పట్టుకుని పుష్కరానికి పైగా తిరిగితే గానీ డబ్బు పెట్టేవాళ్లు దొరకలేదు. అది 1974లో వచ్చేసరికి ఆయనకి నలభై దగ్గర పడ్డాయి. ఆ తర్వాత గుజరాత్ పాలరైతులతో ‘మంథన్’, పోచంపల్లి నేతగాళ్ల మీద ‘సుస్మన్’, తెలుగులో ‘అనుగ్రహం’, దూరదర్శన్‌కి 53 భాగాల ‘భారత్ ఏక్ ఖోజ్’.

ఇవన్నీ చెప్పబోతే నాన్న చెయ్యెత్తి ఆపాడు. “ఆగు. ఆ ఉర్దూ ఇను. మన దిక్కు మాటే గదరా.”

చివర్లో, పని అడగడానికొస్తున్న మూగ కిష్టయ్యని చిన్నదొర కొరడాతో కొడతాడు. లక్ష్మి శపిస్తుంది. ఒక పిల్లాడు దొర కిటికీ మీదికి రాయి విసురుతాడు. ఈ సినిమా నేను కాలేజీలోనే చూశాను. అప్పుడు ఆ రాయి నేనే విసిరినట్టు పొంగిపోయాను.

టీవీ ఆపాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

“మనింట్ల గూడ ఒక జీతగాడుండె. మా చిన్నాయన గిట్లనే కొట్టిండు.”

“ఏం చేసిండని?”

“ఏం జెయ్యలే.”

“పేరేంది?”

గుర్తు రాలేదు. బర్రెల పేర్లు వరసగా చెప్పాడు. ఆ మనిషి పేరు రాలేదు. “అందరం ఓరే అనేటోళ్లం” అన్నాడు, తలొంచుకుని.

అతను దున్నిన చెలక అమ్మే ఈ ఫ్లాటు కొన్నాం. అంటే, ఇన్నేళ్లూ నేను చప్పట్లు కొట్టిన రాయి మా కిటికీకే తగిలింది.

మర్నాడు నాన్న ఊరికి ఫోన్లు చేశాడు. మూడో ఫోనుకి పేరు దొరికింది. మనిషి లేడట, కొడుకు ఇక్కడే, నగరంలోనే ఉన్నాడట. ఆ కొడుకుని అడక్కుండా ఆ పేరు ఇక్కడ రాయను. నంబరు నాన్న డైరీలో ఉంది. ఇంకా చెయ్యలేదు. చేసి ఏమనాలో ఇద్దరికీ తెలియడం లేదు.