వెంట్రుకవాసి చోటు

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పెయింటరు. రైలుపెట్టెల మీద అంకెలూ అక్షరాలూ రాసేవాడు. సాయంత్రం సైరన్ మోగాక సైకిలు మీద ఖరిదా పేటలో మా ఇంటికి తిరిగొస్తే, మనిషి కంటే ముందు ఆయన వాసన గుమ్మంలో అడుగు పెట్టేది. థిన్నరు వాసన. నూతి దగ్గర గుడ్డముక్కకి కిరసనాయిలు అద్దుకుని చేతులు తుడిచి, సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా గోళ్ళ మూలల్లో రంగు ఉండిపోయేది. అన్నం కలుపుతున్న ఆ చేతిని చూసి ఆ పూట ఏం పని చేశాడో చెప్పేసేదాన్ని. పసుపు కనిపిస్తే నంబర్లు రాసినట్టు, ఇటుకరంగు కనిపిస్తే పెట్టె గోడకి పూసినట్టు. అప్పటికింకా రైళ్ళు నీలంలోకి మారలేదు.

పెద్దక్క పెళ్ళి కుదిరిన వేసవిలో గోల్‌బజార్ నుంచి ఒక క్యూటెక్స్ సీసా తెచ్చుకుంది. మా ఇళ్ళల్లో కంపెనీ ఏదైనా దాని పేరు క్యూటెక్సే. లోపలి గదిలో అక్క మూత తిప్పిందో లేదో, నాన్న వచ్చేశాడనుకుని నేను వీధిలోకి పరిగెత్తాను. బయట ఎవరూ లేరు. వాసన ఇంట్లోంచి వస్తోంది. ఆ రోజు నుంచీ నాకు గోళ్ళరంగు వేరూ రైలురంగు వేరూ కాదు.

చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను, రెండింటికీ నిజంగానే చుట్టరికం ఉందని. దూదిని ఆమ్లాల్లో నానబెట్టి చేసే నైట్రోసెల్యులోజ్ అనే పదార్థం ఉంది. తుపాకిమందుకీ, పాతకాలం సినిమా ఫిలింకీ అదే మూలం. 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ దాన్ని ద్రావకంలో కరిగించి మోటారుకార్లకి త్వరగా ఆరిపోయే రంగు తయారు చేసింది. మన మెకానిక్కులు ఇప్పటికీ డ్యూకో అనేది దాన్నే. గోళ్ళకి వేసే రంగు కూడా ఆ దారినే నడిచింది. 1932లో రెవ్లాన్ వాళ్ళు పైకి గాజులా కనపడే పలచని రంగు బదులు గోరు పూర్తిగా కప్పేసే చిక్కటి రంగుతో వ్యాపారం మొదలుపెట్టారు. మన దేశంలో 1952లో టాటాలు లాక్మే పెట్టారు. ఆ పేరు లక్ష్మికి ఫ్రెంచివాళ్ళ ఉచ్చారణ. ఏ సీసా తీసుకున్నా లోపల సంగతి ఒకటే. నైట్రోసెల్యులోజ్, అది కరగడానికి ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాలు, ఎండిన పొర పెళుసెక్కి పగలకుండా సాగదీసే పదార్థం ఒకటి, గోటికి పట్టి ఉండటానికి ఒక రెజిన్, రంగు అడుక్కి దిగిపోకుండా నిలబెట్టే ఒక రకం బంకమన్ను, ఆపైన రంగుపొడి.

ఆ సాయంత్రం నాన్న అక్క చేతిలోని సీసా తీసుకుని లైటుకి ఎదురుగా పట్టుకున్నాడు. “ఇది సిగ్నల్ రెడ్డు కాదమ్మా. పోస్టాఫీసు రెడ్డు,” అన్నాడు. ప్రభుత్వం వాడే పెయింట్లకి భారతీయ ప్రమాణాల్లో ఐఎస్ 5 అనే రంగుల పట్టిక ఉంది. అందులో ఒక్కో రంగుకీ ఒక్కో నంబరు. సిగ్నల్ రెడ్డు 537, పోస్టాఫీసు రెడ్డు 538. మా ఇంట్లో చీర కొన్నా, గాజులు కొన్నా నాన్న ముందు నంబరు చెప్పేవాడు. అమ్మ మాత్రం నంబర్లు ఒప్పుకునేది కాదు. ఆవిడకి బచ్చలిపండు రంగు, ఉల్లిపొర రంగు, కనకాంబరం, ముక్కుపొడి, వంగపండు, మావిచిగురు. ఇప్పుడు సీసాల కింద అతికించే ఇంగ్లీషు పేర్లు చదువుతుంటే అమ్మ పలికిన రంగులే ఎక్కువ కళ్ళకి కడతాయి. ఉల్లిపొర రంగు అంటే చాలు, ఆ పలచదనమూ ఆ మెరుపూ రెండూ తెలిసిపోతాయి.

అక్క సీసాని గబగబా ఊపబోతే నాన్న ఆపాడు. “ఊపితే బుడగలొస్తాయి. అరిచేతుల మధ్య పెట్టి కవ్వంలా తిప్పు.” తర్వాత ఇద్దరినీ వీధి గడప మీద కూకోమన్నాడు, గాలి ఆడుతుందని. అక్క చెయ్యి తన మోకాలి మీద పెట్టుకున్నాడు. కుంచెని సీసా మూతికి ఒరిపి ఒక పక్క రంగంతా దింపేశాడు. గోరు మధ్యలో ఒక గీత, అటొకటి, ఇటొకటి. మూడు గీతల్లో గోరు అయిపోయింది. గోటి మొదట్లోనూ రెండు పక్కలా చర్మానికి తగలకుండా వెంట్రుకవాసి వదిలేశాడు. అది ఆరేదాకా అయిదు వేళ్ళనీ గాలికి ఉంచి, పైన మళ్ళీ అంత పలచగానే రెండో పూత వేశాడు.

“నాన్నా, అంచులు మిగిలిపోయాయి,” అంది అక్క.

“మిగిలిపోలేదమ్మా, వదిలేసేను. పెట్టె మీద అంకె రాసినా అంతే. రంగు పడకూడని చోట పడితే అది పని కాదు.”

ఈలోగా అమ్మ దీపం పెట్టడానికి అగ్గిపెట్టె తీసింది. నాన్న చటుక్కున మూత బిగించేశాడు. దీపం పెట్టే వేళ గోళ్ళు తీసుకోకూడదని అమ్మ చెప్పే మాట ఉండనే ఉంది. దానికి ఆయన ఇంకోటి కలిపాడు, దీపం పెట్టే వేళ ఈ సీసా మూత తియ్యకూడదని. రంగుల దగ్గర పని చేసేవాళ్ళకి తెలిసిన సంగతి అది. ఈ ద్రావకాల ఆవిరి గాలి కంటే బరువైంది, నేల మీద పాకుతూ పోయి దూరాన ఉన్న మంటని అందుకుంటుంది. రంగు తుడిచే ఎసిటోన్‌ది ఇంకా తొందర. గ్యాస్ పొయ్యి పక్కన కూర్చుని గోళ్ళు తుడుచుకునే పిల్లలని చూస్తే ఇప్పటికీ నా గుండె ఆగినంత పనవుతుంది.

ఖరిదాలో పెరగటంలో నాకు దొరికిన భాగ్యం, రెండు భాషల రంగుల మధ్య పెరగటం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చిన మా తాతల తరం ఇక్కడే ఉండిపోయింది. మాకు ఆషాఢంలో గోరింటాకు, పెళ్ళిలో పారాణి. పక్కింటి బెంగాలీ పిన్ని, మేం కాకీమా అనే ఆవిడకి ఏ శుభకార్యమైనా ఆల్తా. పూర్వం వాళ్ళకి నాపిత్ బౌ, అంటే మంగలి ఇంటి కోడలు, ఇంటింటికీ వచ్చేదట. మాడిన ఇటుకముక్కతో మడమలు రుద్ది, గోళ్ళు తీసి, పాదాల చుట్టూ ఆల్తా గీసి వెళ్ళేదని కాకీమా చెప్పేది. ఆల్తా అనేది సంస్కృతం అలక్తకం నుంచి వచ్చిన మాట. మన లత్తుక పుట్టిందీ అక్కడే. కాకీమా చేతిలోని గిన్నెలో ఉన్నది మా ప్రబంధాల్లో నాయికల పాదాలకి పూసినదే అని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అసలు ఆల్తా లక్కతో చేసేవారు. చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు కట్టే గూడు అది. లక్క పండే పురూలియా జిల్లా మాకు దగ్గరే. ఇప్పుడు సీసాల్లో అమ్మే ఆల్తా చాలావరకు రసాయన రంగు. గోరింటాకు కోన్లూ అంతే, త్వరగా నల్లగా పండేవాటిలో తలకి వేసుకునే రంగులోని పీపీడీ అనే పదార్థం కలుపుతారు, చర్మం బొబ్బలెక్కుతుంది. నూరుకున్న ఆకుకీ కోనుకీ పేరు ఒకటే అయినా సరుకు ఒకటి కాదు.

మెరుపుల సంగతి కూడా మన నేలదే. గోళ్ళరంగులో ముత్యంలా తళుక్కుమనేది చాలాసార్లు అభ్రకం. మన నెల్లూరు వైపు గూడూరు గనులు దానికి పేరుమోసినవి. ఇటు జార్ఖండ్‌లో కోడెర్మా, గిరిడీ. అక్కడ వదిలేసిన గనుల్లో చిన్నపిల్లలు చిప్పలు ఏరుతున్నారని బయటపడ్డాక, 2017లో కొన్ని పెద్ద కంపెనీలు కలిసి బాధ్యతగా అభ్రకం కొంటామంటూ ఒక సంస్థ పెట్టుకున్నాయి. తళుకుల సీసా పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ చిన్న వేళ్ళు గుర్తొస్తాయి. ఆ వేళ్ళ గోళ్ళకి ఎవరూ రంగు వెయ్యరు.

ఇక భయపెట్టే పేర్లు. టొలుయిన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ అనే మూడింటి మీదా ముందు గొడవ మొదలైంది. టొలుయిన్ థిన్నర్లలో ఉండే ద్రావకమే, ఎక్కువగా పీల్చేవాళ్ళకి తల దిమ్మెక్కిస్తుంది, నరాలకి మంచిది కాదు. గోరు గట్టిపడటానికి వాడే ఫార్మాల్డిహైడ్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి వర్గంలో చేర్చింది. పొరని సాగదీసే డైబ్యూటైల్ థాలేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తుందని యూరోపు దేశాలు సౌందర్య సాధనాల్లో నిషేధించాయి. ఈ మూడూ లేవని సీసా మీద రాసుకోవటం అప్పుడే మొదలైంది. తర్వాత అయిదు లేనివి, ఏడు లేనివి, పది లేనివి. అయిదింటి లెక్కలో కర్పూరం కూడా ఉంది. హారతి కర్పూరమే, పొరని మెత్తబరచటానికి వేస్తారు.

లేదని రాసినచోట నాన్నయితే వెంటనే ఒక ప్రశ్న అడిగేవాడు, దాని బదులు ఏం కలిపారని. థాలేట్ తీసేసినచోట చాలామంది ట్రైఫినైల్ ఫాస్ఫేట్ వేశారు. ప్లాస్టిక్కులు మండకుండా కలిపే పదార్థం అది. 2015లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు 26 మంది ఆడవాళ్ళకి అది ఉన్న రంగు వేయించి చూశారు. పది పద్నాలుగు గంటల తర్వాత వాళ్ళ మూత్రంలో ఆ పదార్థం తాలూకు గుర్తు దాదాపు ఏడు రెట్లు పెరిగింది. మరో విడత గ్లవ్స్ తొడిగి, గ్లవ్స్ పైన అతికించిన ఉత్తుత్తి గోళ్ళకి అదే రంగు వేయించారు. అప్పుడు అలా పెరగలేదు. అంటే పీల్చిన గాలిలోంచి కాదు, ముఖ్యంగా గోళ్ళ దగ్గర్నుంచే లోపలికి పోతోందన్నమాట. అది చదివిన రాత్రి నాన్న వదిలిన వెంట్రుకవాసి చోటు కళ్ళ ముందు కదిలింది.

అందుకే నేను సీసా ముందువైపు రాతలు పెద్దగా పట్టించుకోను, వెనక్కి తిప్పుతాను. అక్కడ నేను వెతికేది కలిపినవాటి పేర్లు. సీఐ అన్న రెండక్షరాల పక్కనుండే నంబర్లు రంగుపొడులవి. 15850 అంటే ఎరుపు, 77891 తెల్లటి టైటానియం డయాక్సైడ్, 77491 తుప్పురంగు ఐరన్ ఆక్సైడ్, 77019 అభ్రకం. ఏ పేర్లూ లేని పది రూపాయల సీసాని ఎంత మంచి బచ్చలిపండు రంగైనా ఇంటికి తేను. పిల్లలకి నీటితో చేసిన రంగులొస్తున్నాయి. రెండ్రోజుల్లో పొట్టులా ఊడొస్తాయి, ఊడనీండి. చేత్తో అన్నం తినే మన ఇళ్ళల్లో, నోట్లో వేలు పెట్టుకునే పసివాళ్ళకి మామూలు రంగు వెయ్యటం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. ఆసుపత్రిలో ఆపరేషనుకి ముందు రంగు తుడిచెయ్యమంటారు, అదీ ఊరికే కాదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే గోళ్ళు నీలం తిరుగుతాయి, వేలికి పెట్టే మీటరుకి కూడా ముదురు రంగు అడ్డం.

ఇంత చెప్పాక కూడా, నెలకోసారి గాలి ఆడేచోట కూర్చుని రంగు వేసుకునే అమ్మాయి బెంగపడనక్కర్లేదనే నేనంటాను. నాకు బెంగ పొద్దున్నించి రాత్రిదాకా ఇంకొకళ్ళ వేళ్ళ మీదికి వంగి కూర్చునే పిల్ల గురించి. అమెరికాలో నెయిల్ సెలూన్లలో పనిచేసేది ఎక్కువమంది వియత్నాం నుంచి వలస వెళ్ళిన ఆడవాళ్ళు. వాళ్ళ కోసం శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2010లో, టొలుయిన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ లేని రంగులు వాడి గాలి ఆడేలా చూసుకునే షాపులకి గుర్తింపు ఇవ్వాలని చట్టం చేసింది. మన గల్లీల్లో ఆ గుర్తింపు ఇవ్వాల్సింది మనమే.

మా పెద్దక్క కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ జెల్ రంగులకి అలవాటు పడింది. యూవీ దీపం కింద పెడితే గట్టిపడే రంగు అది. వేసే చోట చర్మం మీదికి పొంగినా తుడవకుండానే దీపం కింద పెట్టేవారట. కొన్నాళ్ళకి వేళ్ళ చివర్లు పగిలాయి, కనురెప్పలు వాచాయి. రెప్పలకీ గోళ్ళకీ సంబంధమేమిటని తిరిగి తిరిగి చివరికి చర్మం డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుంటే, ఎక్రిలేట్లు పడవని తేలింది. ఇక జన్మంతా అంతే. పంటికి ఫిల్లింగు వేయించుకున్నా ముందే చెప్పాలి, అందులోనూ ఆ జాతి పదార్థమే ఉంటుంది. యూరోపులో జెల్‌లోని హెమా అనే పదార్థాన్ని వృత్తివాళ్ళు మాత్రమే వాడాలన్నారు. జెల్‌ని గట్టిపరిచే టీపీఓని 2025 సెప్టెంబరు 1 నుంచి పూర్తిగా ఆపేశారు. మా పిల్ల తప్పల్లా అడగకపోవటమే.

మొన్న దుర్గాపూజ ముందు మా వీధి చివర పార్లరుకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి తాతలదీ టెక్కలి వైపేనట. నన్ను అత్తా అంటుంది. చిన్న గది, తలుపు వేసి ఏసీ, బల్ల మీద మూతలు తీసిన సీసాలు. ముక్కుకి గుడ్డ మాస్కు. సాయంత్రానికి తలనొప్పి వస్తోందంది. ఆ మాస్కు దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని ఆపాలంటే బొగ్గు పొర ఉన్నది కావాలని చెప్పాను. సీసాకి సీసా మూత పెట్టించాను, ఎసిటోన్ దూదులు పడేసే డబ్బాకి కూడా. ఆమె మొహమ్మీదికి తిప్పి ఉన్న టేబుల్ ఫ్యాన్‌ని పక్కనుంచి, బల్ల మీద గాలిని తలుపులోంచి బయటికి తోసేలా తిప్పాం. కాస్త ఉక్కపోసింది గాని గదిలో థిన్నరు వాసన పలచబడింది.

“మీకు ఏ రంగత్తా?” అంది. పోస్టాఫీసు రెడ్డు అన్నాను. ఆమెకి అర్థం కాలేదు, నేనే ఏరి ఇచ్చాను. అరిచేతుల మధ్య సీసా తిప్పింది. మధ్యలో ఒక గీత, అటొకటి, ఇటొకటి. గోటి మొదట్లో కుంచె ఆపి నా వైపు చూసింది.

“ఇంత వదిలితే చాలా అత్తా?”

“ఇంకొంచెం వదులమ్మా,” అన్నాను.